ఆగడం నేర్పే ఆట

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మొదటిసారి రైలు నడిపేవాళ్లు చాలామంది ఒకే పని చేస్తారు. ఇంజన్ శక్తిని పెంచే త్రోటిల్‌ను పూర్తిగా తెరుస్తారు, బండి వేగం అందుకుంటుంటే సంబరపడతారు, స్టేషన్ కనబడగానే బ్రేక్ వేస్తారు. బండి ఆగదు. ప్లాట్‌ఫామ్ మొత్తం కిటికీ పక్కనుంచి జారిపోయాక ఎక్కడో పొలాల మధ్య నిలబడుతుంది. కార్ రేసుల ఆటలకు అలవాటుపడినవాళ్లు ఇదేదో ఆటలో లోపం అనుకుని విసుక్కుంటారు. నిజం రైలు కూడా సరిగ్గా అలాగే ప్రవర్తిస్తుంది. అందుకే రైలు సిమ్యులేటర్ మొదలుపెడతామని అడిగినవాళ్లందరికీ నేను ఒకటే చెబుతాను: ముందు ఆపడం నేర్చుకోండి.

రైలంటే ఉక్కు పట్టా మీద దొర్లే ఉక్కు చక్రం. రెండూ గట్టివే కావడంతో అవి ఒకదాన్నొకటి తాకే చోటు చిటికెనవేలి గోరంత ఉంటుంది. చక్రం రబ్బరు టైరులా నలగదు. కాబట్టి దొర్లేటప్పుడు వృథా అయ్యే శక్తి బాగా తక్కువ, రోడ్డు మీది టైరుతో పోలిస్తే ఇంచుమించు పదో వంతు. ఒక్క ఇంజన్ 24 బోగీలను లాగగలుగుతోందంటే దానివల్లే. అదే గుణం ఆపాల్సి వచ్చినప్పుడు ఎదురు తిరుగుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. కరెంటుతో నడిచే డబ్ల్యూఏపీ-7 ఇంజన్, దాని వెనక ఎల్‌హెచ్‌బీ అనే కొత్త తరహా ప్రయాణికుల బోగీలు 24, జనంతో కలిపి సుమారు 1,400 టన్నులు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ బండిలో ఉన్న గతిశక్తి దాదాపు 180 యూనిట్లు. కరెంటు బిల్లులో రాసే యూనిట్లే ఇవి. ఆ శక్తినంతా బ్రేకులు ఒకటి రెండు నిమిషాల్లో ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున తగ్గుతూ వస్తుందనుకుంటే, ఆగేలోపు బండి 930 మీటర్లు ప్రయాణిస్తుంది. బ్రేక్ పూర్తిగా పట్టుకోవడానికి పట్టే సమయం దీనికి అదనం. మన రైల్వేలో ముందుగా హెచ్చరించే డిస్టెంట్ సిగ్నల్‌ను, స్టేషన్‌లోకి రావాలో ఆగాలో చెప్పే హోమ్ సిగ్నల్‌కు కనీసం కిలోమీటరు ముందు ఎందుకు పెడతారో ఇక్కడ తెలుస్తుంది. వేగం ఎక్కువున్న లైన్లలో రెండు కిలోమీటర్ల ముందు మరొకటి ఉంటుంది. రెండు పసుపు దీపాలు వెలిగితే వచ్చే సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధంగా ఉండమని, ఒక పసుపు దీపం వెలిగితే వచ్చే సిగ్నల్ దగ్గర ఆగాల్సి రావచ్చని అర్థం. ఇవన్నీ పుస్తకంలో చదివితే నియమాల్లా అనిపిస్తాయి. సిమ్యులేటర్‌లో ఎర్ర దీపం మీదికి వచ్చేస్తుంటే, బండి మాత్రం ఇంకా గంటకు 40 కిలోమీటర్ల వేగంతోనే ఉంటే, అప్పుడు పుట్టే టెన్షన్‌లో ఆ కిలోమీటరు దూరం ఎందుకుందో ఒంటికి తెలుస్తుంది.

ఇక ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ట్రైన్ సిమ్యులేటర్ అనే ఆటను విడుదల చేసింది. తయారుచేసింది బ్రిటన్‌కు చెందిన కుజు సంస్థ. అందులో ఆరు రైలు మార్గాలుండేవి: అమెరికాలో రెండు, జపాన్‌లో రెండు, ఇంగ్లండ్‌లో ఒకటి, ఆస్ట్రియాలో ఒకటి. భారత్ ఊసు లేదు. కానీ కొత్త ఇంజన్లు, కొత్త మార్గాలు ఎవరైనా తయారుచేసి చేర్చుకునే వీలుంది. ఆ వీలును పట్టుకునే మన దేశపు రైలు అభిమానులు డబ్ల్యూఏపీ-4 మొదలుకొని ఎన్నో ఇంజన్లను, బోగీలను, మార్గాలను సొంతంగా తయారుచేశారు. ఆ పాత ఆట ఫైళ్లనే చదువుతూ, భౌతికశాస్త్రం లెక్కల్ని ఎంతో మెరుగ్గా వేసే ఓపెన్ రైల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తర్వాత వచ్చింది. విండోస్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ దీనికి చాలు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఓపెన్ రైల్స్ ఒక్కటే దించుకుంటే తెరమీద ఏ బండీ కనిపించదు. మార్గాలు, బోగీలు విడిగా తెచ్చుకోవాలి. ట్రైన్ సిమ్ వరల్డ్ లాంటివి కళ్లకు మరింత అందంగా ఉంటాయి గానీ వాటికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, పైగా ఒక్కో మార్గాన్నీ విడిగా కొనుక్కోవాలి. మొదటి నెలలోనే వాటిమీద డబ్బు పోయడం నాకు సరైన పనిగా తోచదు.

ఓపెన్ రైల్స్‌లో నొక్కాల్సిన కీలు తక్కువే. డబ్ల్యూతో, బండి ఎటు పోవాలో చెప్పే రివర్సర్‌ను ముందుకు పెట్టాలి, డి నొక్కితే త్రోటిల్ పెరుగుతుంది, ఏ నొక్కితే తగ్గుతుంది. స్పేస్ బార్ హారన్. కరెంటు ఇంజనైతే పి నొక్కి, పైన తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్‌ను లేపాలి. ఎఫ్5 నొక్కితే బండి లోపల జరుగుతున్నదంతా అంకెల్లో కనబడుతుంది. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే విలువైన కీ అదే. సెట్టింగుల్లో పీడనం కొలతను చదరపు సెంటీమీటరుకు కిలోల్లోకి మార్చుకుంటే మన లోకో పైలట్లు చూసే అంకెలే మీకూ కనిపిస్తాయి.

ఆ అంకెల్లో మొదట చూడాల్సింది బ్రేక్ పైప్. కారు బ్రేక్‌కు అలవాటుపడిన కాలికి రైలు బ్రేక్ తలకిందులుగా అనిపిస్తుంది. బండి పొడవునా ఒక గొట్టం పోతుంది, అందులో గాలి పీడనం 5 కిలోలు ఉంటే బ్రేకులు వదిలి ఉన్నట్టు. పీడనం తగ్గిస్తే బ్రేకులు పడతాయి. అర కిలో తగ్గిస్తే మెత్తగా, ఒకటిన్నర కిలో తగ్గిస్తే పూర్తిగా. 1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఈ పద్ధతి కనిపెట్టడానికి మూడేళ్ల ముందు ఆయనే చేసిన బ్రేక్ ఇందుకు వ్యతిరేకంగా పనిచేసేది, గాలి పంపితేనే బ్రేక్ పడేది. మధ్యలో గొట్టం తెగితే ఆ బండికి ఇక బ్రేకే లేదు. కొత్త పద్ధతిలో గొట్టం తెగినా, బోగీలను కలిపే కప్లింగ్ ఊడి బండి రెండు ముక్కలైనా, గాలి పోయి రెండు ముక్కలూ తమంతట తామే ఆగుతాయి. ఇంత సరళమైన ఆలోచన ఇన్ని ప్రాణాలను కాపాడుతోందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే గాలి తొందరపడదు. హ్యాండిల్ కదిపిన కబురు ఇంజన్ నుంచి చివరి దాకా గొట్టంలోనే పాకాలి, ధ్వని వేగాన్ని మించి అది పోలేదు. బొగ్గు, ఖనిజం మోసే బాక్స్-ఎన్ వ్యాగన్లు 58 ఉన్న గూడ్స్ పొడవు 620 మీటర్లు. చివరి వ్యాగన్‌కు కబురు అందడానికే రెండు సెకన్ల పైన పడుతుంది. ఆ తర్వాత ఒక్కో వ్యాగన్ కింద బ్రేక్ సిలిండర్ నిండాలి. ప్రయాణికుల బండిలో అది 3 నుంచి 5 సెకన్ల పని. గూడ్స్‌లో కావాలనే 18 నుంచి 30 సెకన్లు పట్టేలా చేస్తారు. ముందు వ్యాగన్లు గబుక్కున ఆగిపోతే వెనకవి వచ్చి గుద్దుకుంటాయి మరి. బ్రేక్ వదలడానికి గూడ్స్‌కు 45 నుంచి 60 సెకన్లు. అంటే గూడ్స్ నడిపేవాడు ఎప్పుడూ అర నిమిషం తర్వాత రాబోయే వేగాన్ని ఊహించుకుంటూ ఇప్పుడు చెయ్యి కదపాలి.

ఈ అభ్యాసానికి మిట్టపల్లాలు లేని తిన్నని లైన్ ఎంచుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం చేరాక త్రోటిల్ సున్నాకు తెచ్చి, పీడనం అర కిలో తగ్గించి వదిలేయండి. ఎంత దూరంలో ఆగిందో చూసుకోండి. వేగం మార్చి, బోగీల సంఖ్య మార్చి మళ్లీ చేయండి. కొద్ది రోజులకు స్పీడోమీటర్ చూడగానే దూరం మనసులో తోస్తుంది. అప్పుడు ప్లాట్‌ఫామ్ దగ్గరికి వెళ్లండి. ఆఖరి కొన్ని మీటర్లలో బ్రేక్ కొంచెం కొంచెంగా వదులుతూ వస్తే కుదుపు లేకుండా నిలుస్తుంది. మన బండ్లలో ఇలా కొంచెం కొంచెంగా వదలడం సాధ్యం. అమెరికా గూడ్స్ బండిలో వదిలితే పూర్తిగా వదలాల్సిందే. మైక్రోసాఫ్ట్ ఆటలో ఉన్న మొంటానా కొండల మార్గం, మారియాస్ పాస్, ఎంత అందంగా ఉన్నా కొత్తవాళ్లకు వద్దనేది ఇందుకే.

తర్వాతి పాఠం ఎత్తుపల్లాలది. దానికి మనకు కొత్తవలస-కిరండూల్ లైన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. బైలడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన మార్గమిది. బొర్రా మీదుగా ఎక్కి, అరకుకు ముందు సిమిలిగూడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు చేరుతుంది. వాలు 60 మీటర్లకు ఒక మీటరు. నడిచేవాళ్లకు అది వాలుగానే అనిపించదు. రైలుకు ఎలా ఉంటుందో చూడండి. ఇందాకటి 1,400 టన్నుల బండిని అలాంటి వాలు మీద నిలబెడితే దాని బరువే వెనక్కి దాదాపు 23 టన్నుల బలంతో లాగుతుంది. డబ్ల్యూఏపీ-7 బరువు 123 టన్నులు, బయలుదేరేటప్పుడు గరిష్ఠంగా 33 టన్నుల బలం చూపగలదు. అంటే తన బరువులో 27 శాతం. పొడి పట్టా మీద చక్రం అంత బలాన్ని జారకుండా మోస్తుంది. వాన పడి ఆ పట్టు 15 శాతానికి పడిపోతే దక్కేది పద్దెనిమిదిన్నర టన్నులే. మోటార్లలో ఎంత సత్తువున్నా చక్రాలు అక్కడే తిరుగుతాయి తప్ప బండి కదలదు. ఓపెన్ రైల్స్‌లో వాతావరణాన్ని వానకు మార్చి ఈ ప్రయోగం చేయవచ్చు. అప్పుడు ఎక్స్ నొక్కి పట్టాల మీద ఇసుక చల్లాలి. నిజం ఇంజన్లలోనూ ఇసుక పెట్టెలుంటాయి.

ఈ పట్టు వేగం పెరిగేకొద్దీ కూడా తగ్గుతుంది. 1940లలో జర్మనీలో కర్టియస్, క్నిఫ్లర్ అనే ఇద్దరు కొలిచి రాసిన సూత్రం ప్రకారం పొడి పట్టా మీద నిలిచి ఉన్నప్పుడు 33 శాతం ఉండే పట్టు గంటకు 100 కిలోమీటర్ల దగ్గర 21 శాతానికి దిగుతుంది. ఓపెన్ రైల్స్ లోపల వాడేది ఆ సూత్రమే. గాలి, బేరింగులు కలిగించే నిరోధానికి 1926 నాటి డేవిస్ సమీకరణం వాడుతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఇంకోటుంది. ఈ ఆటలో ప్రతి ఇంజన్‌కూ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇంజన్ బరువు, గరిష్ఠ బలం, బ్రేక్ సిలిండర్ నిండే వేగం, డేవిస్ అంకెలు అన్నీ కనబడతాయి. అభిమానులు ప్రేమతో రంగులు, కిటికీలు తీర్చిదిద్ది, ఈ అంకెల దగ్గర మాత్రం ఏదో విదేశీ ఇంజన్ నుంచి కాపీ చేసి వదిలేయడం కద్దు. మీరు దించుకున్న డబ్ల్యూఏపీ-7 వాలు మీద కూడా కారులా దూసుకుపోతుంటే ఆ ఫైలు తెరిచి బరువు 123 టన్నులుందో లేదో, బలం 323 కిలోన్యూటన్ల (ఇందాకటి 33 టన్నులే) దగ్గర ఉందో లేదో చూడండి. ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి దాచుకుని, తర్వాత సరిదిద్దండి. ఇంటర్ చదివే పిల్లలకు న్యూటన్ రెండో నియమం చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల నాకు తెలియదు.

ఆవిరి ఇంజన్ల జోలికి ఇవన్నీ వచ్చాకే వెళ్లండి. ఇంగ్లండ్‌లో సెటిల్-కార్లైల్ మార్గం మీద నూటికి ఒకటి వాలులో మైళ్ల తరబడి ఎక్కాలంటే బ్రేక్, త్రోటిల్‌తో పాటు బాయిలర్‌లో నీళ్లు, పొయ్యిలో బొగ్గు, ఆవిరి పీడనం కూడా కనిపెట్టి ఉండాలి. మొదట్లో పొయ్యిని, బాయిలర్‌ను చూసుకునే ఫైర్‌మన్ పని కంప్యూటర్‌కు వదిలేసే ఏర్పాటుంది, దాన్ని వాడుకోండి.