విశేషణమే చిరునామా: గ్రీకు దేవతల పేర్లు, భక్తసంఘాల నేపథ్యం

ప్రాచీన గ్రీకుల పూజలో దేవతల రాజును జ్యూస్ అని పిలిస్తే సరిపోయేది కాదు, ఏ జ్యూసో చెప్పాలి. అతిథులను కాచే క్సేనియోస్, ఆపదలు గట్టెక్కించే సోటేర్, ఇంటి ఆవరణను కాపాడే హెర్కెయోస్ అంటూ ఆ దేవుడికి ఎన్నో విశేషణాలుండేవి. వాటిని బట్టే బలిపీఠమూ బలి తీరూ మారేవి. ఈ తేడాను గ్రీకులు ఎంత గట్టిగా నమ్మేవారో ఏథెన్స్ సేనాని, రచయిత జెనోఫన్ అనుభవం చెబుతుంది. క్రీ.పూ. 399లో తన కిరాయి సైన్యంతో ఆసియా మైనర్‌లోని లాంప్సకోస్ నగరం చేరి, దారి ఖర్చులకు గుర్రాన్ని సైతం అమ్ముకున్న అతనికి, మెయిలిఖియోస్ (శాంతింపజేయవలసిన) జ్యూస్ అడ్డుపడుతున్నాడని యూక్లెయిడీస్ అనే శకునజ్ఞుడు చెప్పాడు. బాసిలియస్ (రాజు) జ్యూస్‌ను అంతకుముందు కొలిచిన జెనోఫన్, ఇప్పుడు మెయిలిఖియోస్‌కు పందులను పూర్తిగా దహించి అర్పించాడు. ఆ రోజే సైన్యానికి సొమ్ము వచ్చింది, గుర్రమూ తిరిగి చేతికందింది.

ఏథెన్స్‌లో ఆర్ఖాన్ అనే ఉన్నతాధికారి పదవికి ఎంపికైనవారిని, మీకు పాట్రూస్ (వంశపారంపర్య) అపోలో, హెర్కెయోస్ జ్యూస్ ఉన్నారా, వారి స్థానాలెక్కడ అని అడిగేవారు. ఇలాంటి వారసత్వం లేని పరదేశులకు భక్తసంఘాలు చోటిచ్చాయి. క్రీ.పూ. 166లో సుంకాల్లేని రేవుగా మారిన డెలోస్ ద్వీపంలో బేరూత్ వర్తకులు పొసైడాన్ పేరిట, టైర్ వర్తకులు హెరాక్లీస్ పేరిట సంఘాలు నడిపారు.

దేవుడి పేరుతో ఆగకుండా విశేషణాన్నీ సంఘం పేరులో కలుపుకునే అలవాటు రోడ్స్ ద్వీపంలో బాగా కనిపిస్తుంది. సోటేర్ జ్యూస్ భక్తులు డియోసోటేరియస్టాయ్. ద్వీపంలోకెల్లా ఎత్తైన అటాబిరిస్ కొండమీది జ్యూస్‌ను కొలిచేవారు డియోసటాబిరియస్టాయ్. కొన్ని సంఘాలు వీటికి తమ పోషకుడి పేరునూ జోడించాయి కనుక, పేరు వింటేనే వారి దైవమెవరో, దన్నుగా నిలిచిందెవరో తెలిసిపోయేది.

అటాబిరిస్ మీద కంచు ఎద్దులుండేవని, కీడు రాబోయే ముందు అవి రంకెలు వేసేవని ప్రాచీన వ్యాఖ్యాతలు రాశారు. చిన్న కంచు ఎద్దుల బొమ్మలు అక్కడ నిజంగానే దొరికాయి. ఈ దేవుడికి ఎద్దులను సమర్పించినట్టు చెప్పే ఒక శాసనం, నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలోకీ విలువైనది. అందులో మాట్లాడే సంఘం నగరానికి చెందిన బానిసలది. నగర లేఖకుడైన యూలిమెనోస్ అటాబిరియోస్ జ్యూస్‌కు పూజారిగా పనిచేసి, తన సంఘం తరఫున, యజమానులైన రోడ్స్ ప్రజల క్షేమం కోరుతూ ఆ ఎద్దులను కృతజ్ఞతగా అర్పించాడు. పౌరసత్వం లేని ఈ మనుషులు పౌరులు కొలిచే కొండదేవుడి విశేషణాన్నే తమ సంఘానికి పెట్టుకుని, దానిని రాతిమీద చెక్కించారు.