తిహువానాలో ఒక ఇల్లు: విరాళాలు అడిగేటప్పుడు వినిపించే అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని శాన్ డియేగోలో మా ఇంటి దగ్గర కారెక్కితే అరగంటలో శాన్ ఇసిద్రో దగ్గర మెక్సికో సరిహద్దు వస్తుంది. అది దాటి తిహువానా ఊరి బయట కొండల్లోకి ఇంకో ముప్పావుగంట వెళ్తే మేం ఇళ్లు కట్టే కాలనీలు. తొమ్మిదేళ్లుగా మా చిన్న బృందంలో నా పని ఆ ఇళ్లకి డబ్బు పోగు చేయడం, లెక్క రాయడం, ఇచ్చినవాళ్లకి లెక్క చెప్పడం. ఎవరికి ఫోన్ చేసినా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. డబ్బిచ్చేవాళ్లు అడగాల్సిందే, అందులో తప్పేం లేదు. ఎక్కువసార్లు విన్నవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: మన ఊళ్లో పేదలు లేరా, మెక్సికోవాళ్లకెందుకు?

పోయిన ఉగాదికి ఒక పెద్దాయన ఇదే అడిగారు. "ఏమ్మా, తెనాలిలో ఇల్లు లేనివాళ్లే లేరా?" ఉన్నారు బాబాయ్‌గారూ, అక్కడికి పంపేది పంపుతూనే ఉన్నాం అన్నాను. కానీ నేను ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఊరు ఇది. మా ఇంటి పైకప్పు మార్చినవాళ్లు, మా వీధిలో చెట్లు కొట్టేవాళ్లు, మేం కొనుక్కునే స్ట్రాబెర్రీలు కోసేవాళ్లు చాలామంది ఆ గీత అవతల పుట్టినవాళ్లే. మేం కట్టిన ఒక ఇంటి ముంగిట రాత్రిపూట నిలబడితే మా ఊరి దీపాలు కనిపిస్తాయి.

అపోహ: కష్టపడితే వాళ్లే కట్టుకోగలరు

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మేం కలిసే కుటుంబాల్లో ఎక్కువమంది ఓహాకా, చియాపాస్, గెరెరో లాంటి రాష్ట్రాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. సరిహద్దు వెంబడి 1965 నుంచి ఎగుమతి ఫ్యాక్టరీలు పెరుగుతూ వచ్చాయి, వాటిని అక్కడ మాకీలాలు అంటారు. టీవీలు, వైద్య పరికరాలు అక్కడ బిగిస్తారు. 2025లో సరిహద్దు ప్రాంతంలో కనీస కూలి రోజుకి 419.88 పెసోలు, అంటే సుమారు 22 డాలర్లు. అదే ఏడాది శాన్ డియేగోలో కనీస వేతనం గంటకి 17.25 డాలర్లు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి సంపాదించేది ఇక్కడ గంటన్నర లోపే వచ్చేస్తుంది. కలప ధరలో మాత్రం అంత తేడా ఉండదు.

ప్రభుత్వ గృహరుణం లేదా అంటారు. ఉంది. 1972లో పెట్టిన ఇన్ఫోనావిట్ అనే సంస్థకి యజమానులు ఉద్యోగి జీతంలో 5 శాతం కడతారు, ఆ నిధి నుంచి ఇళ్లకి అప్పులిస్తారు. అయితే అది రికార్డుల్లో ఉద్యోగం ఉన్నవాళ్లకి. మెక్సికోలో పనిచేసేవాళ్లలో సగానికి పైగా ఆ రికార్డుల్లో లేని పనుల్లోనే ఉన్నారు. టాకో బండి, ఇళ్లల్లో పని, రోజుకూలీ తాపీపని. మన అడ్డా కూలీకి పీఎఫ్ ఎక్కడుంది? అలాగే.

అపోహ: స్థలం కొని, ఇల్లు కట్టి ఇచ్చేస్తారు

మేం స్థలం కొనం. కొనలేం కూడా. మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణ ప్రకారం సరిహద్దుకి 100 కిలోమీటర్లలోపు, సముద్రతీరానికి 50 కిలోమీటర్లలోపు విదేశీయులు నేరుగా భూమి సొంతం చేసుకోకూడదు. తిహువానా మొత్తం ఆ హద్దులోపలే ఉంది. అందుకే స్థలం కుటుంబానిదే అయుండాలి, కాగితం వాళ్ల పేరుమీదే ఉండాలి.

ఒక్క డాలరు అడగకముందే మేం చూసేది ఆ కాగితం. మా టైమ్ ఎక్కువగా పోయేది ఇక్కడే. విప్లవం తర్వాత వచ్చిన 1917 రాజ్యాంగంతో ఊళ్లకి ఉమ్మడిగా భూములిచ్చారు, వాటిని ఎహీదోలు అంటారు. 1992 దాకా వాటిని అమ్మడానికి చట్టం ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుంది గానీ దానికో పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి పూర్తికాకుండానే ప్లాట్లు కొట్టి వాయిదాల మీద అమ్మేసిన భూములు ఊరి చుట్టూ ఉన్నాయి. మన దగ్గర అసైన్డ్ భూములు ఎలా చేతులు మారతాయో చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

మొదటి రోజుల్లో ఈ విషయంలో మేం దెబ్బతిన్నాం. డబ్బంతా వచ్చాక, పునాది తవ్వడానికి వారం ముందు, స్థలం అమ్మినవాడు అసలు యజమానే కాదని తేలింది. 31 మంది దాతలకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. డబ్బు వెనక్కి కావాలా, ఇంకో కుటుంబానికి వాడమంటారా అని అడిగాను. ఇద్దరు వెనక్కి తీసుకున్నారు, మిగతావాళ్లు వాడమన్నారు. కానీ ఇల్లు వస్తుందని మేం మాటిచ్చిన ఆ మొదటి కుటుంబం ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ తర్వాత నుంచి ప్రతి రసీదూ చూస్తాం. ఒకావిడ పాలపొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లోపల ప్లాస్టిక్ కవర్, కవర్‌లో నాలుగు మడతలు పెట్టిన 43 రసీదులు, నెల వారీగా. మొదటివాటి మీద ఇంకు వెలిసిపోయి, వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప అంకె కనబడలేదు. మధ్యలో రెండు నెలలవి లేవు. అడిగితే ఆవిడ తర్వాతి రసీదు తిప్పి చూపించింది. వెనకాల పెన్నుతో మూడు నెలలదీ కలిపి కట్టినట్టు రాసుంది. ఆ రెండు నెలలూ పాప ఆసుపత్రిలో ఉందట. మేం అమ్మినాయన ఆఫీసుకి వెళ్లి, బాకీ ఎంతుందో రాయించుకుని, ఆ భూమి కాగితాలు చూసుకుని అప్పుడు విరాళాల పని మొదలుపెట్టాం.

ఈ 43 రసీదుల సంగతి నేను దాతలకి తప్పకుండా చెప్తాను. ఆ ఇంటికి అందరికంటే ముందు డబ్బు పెట్టింది ఆవిడే కదా.

అపోహ: ఏడుపు ఫోటో ఉంటేనే డబ్బులొస్తాయి

"పిల్లాడు బురదలో ఉన్న ఫోటో పెట్టండి, రెట్టింపు వస్తుంది" అని ఒకాయన సలహా ఇచ్చారు. రావచ్చు. నేను పెట్టను.

ఆ పాలపొడి డబ్బా ఆవిడ ఇంటికే ఫోటో కోసం వెళ్లాం. కెమెరా తీయగానే ఆగమని చేత్తో సైగ చేసి లోపలికెళ్లింది. ఇరవై నిమిషాలు బయట నిలబడ్డాం. వచ్చేసరికి పిల్లలిద్దరి తలలూ తడిపి, పాపిడి తీసి, నున్నగా దువ్వి ఉన్నాయి. చిన్నదానికి స్కూల్ యూనిఫాం వేసింది, ఆరోజు ఆదివారమైనా సరే. వాళ్ల వెనకాల గోడ ఒక పాత గ్యారేజీ తలుపు. శాన్ డియేగోలో ఇళ్లకి పీకేసిన గ్యారేజీ తలుపులు సరిహద్దు దాటి వచ్చి అక్కడ గోడలవుతాయి. ఈ తలుపుని నిలువుగా పాతారు, దాని పిడి పక్కకి తిరిగి ఇంకా అలాగే ఉంది. మేం పెట్టింది ఆ ఫోటోనే.

ఫోటో కింద ఏం రాశామన్నది ముఖ్యం. గది కొలత, వానాకాలంలో ఏ మూల కారుతుంది, నీళ్లెక్కడి నుంచి వస్తాయి, స్థలానికి వాళ్లు ఎంత కట్టారు, ఇల్లు పూర్తవడానికి ఎంత తక్కువైంది. అంతే రాశాం. ఆరు వారాల్లో డబ్బు సరిపోయింది. పేరు, వీధి, బడి పేరు ఎప్పుడూ రాయం. అమెరికా డబ్బు వచ్చిందని తెలిస్తే ఆ కుటుంబం చుట్టూ చేరేవాళ్లుంటారు. ఫోటోకి అనుమతి స్పానిష్‌లో, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో అడగాలి. వద్దంటే మానేయాలి, ఇల్లు మాత్రం ఆపకూడదు.

అపోహ: చెక్క ఇల్లే కదా, ఎంతవుతుంది?

మేం కట్టేది 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఇల్లు. చెక్క ఫ్రేము, దాని మీద తారు కాగితం, తీగ జాలీ, ఆపైన సిమెంటు పూత. మనవాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక మాట దగ్గర ఎప్పుడూ తికమక వస్తుంది. మనకి స్లాబ్ అంటే పైకప్పు. ఇక్కడ స్లాబ్ అంటే నేలమీద పోసే కాంక్రీటు. "స్లాబ్ అయిపోయింది" అంటే అప్పుడే పని మొదలైందని అర్థం.

వస్తువులకే 10 వేల డాలర్ల పైమాట. కొత్తగా విరాళాలు మొదలుపెట్టేవాళ్లు నాలుగు చోట్ల లెక్క తప్పుతారు. మరుగుదొడ్డి, మీద పెట్టే 1100 లీటర్ల నీళ్ల ట్యాంకు, కొండ మీదికి సరుకెక్కించే లారీ కిరాయి, స్థానిక మేస్త్రి కూలి. పైపు నీళ్లు రాని కాలనీల్లో ట్యాంకర్ వచ్చి పోస్తుంది, ఆ ట్యాంకర్‌ని వాళ్లు పీపా అంటారు. మన పీపా పోర్చుగీసు నుంచి వచ్చింది, వాళ్లది స్పానిష్, రెండూ ఒకటే మాట. తాపీమేస్త్రిని మాయెస్త్రో అని పిలుస్తారు, అది మన మేస్త్రికి అన్న వరసే. మొదటిసారి విన్నప్పుడు ఆ కొండ మీద మా ఊరి మాట వినబడినట్టై నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

చెక్క ఇల్లు నిలబడదన్న భయం అక్కర్లేదు, అమెరికాలో మనం ఉండే ఇళ్లలో చాలావరకు అలాంటివే. 2010 ఏప్రిల్ 4న మెహికాలీ దగ్గర 7.2 తీవ్రతతో భూకంపం వచ్చిన ప్రాంతమిది, తేలికైన ఫ్రేము ఇక్కడ మంచిదే. కానీ ఒక నిజం చెప్పాలి. అడిగితే చాలా కుటుంబాలు సిమెంటు ఇటుకల ఇల్లే కావాలంటాయి. చెక్క త్వరగా లేస్తుంది, వాలంటీర్లు కట్టగలరు, అందుకే ఇన్ని బృందాలు దాన్ని పట్టుకున్నాయి. డబ్బు, సమయం ఉన్నప్పుడు మేం ఇటుకలకే వెళ్తున్నాం. స్థానిక మేస్త్రులకి పని దొరుకుతుంది, తర్వాత గది పెంచుకోవాలన్నా వాళ్లకి సులువు.

అపోహ: వాలంటీర్లు వస్తే కూలి మిగులుతుంది

పెద్దగా మిగలదు. పాతికమంది వస్తే వాళ్ల తిండి, బస, వ్యాన్లు, పనిముట్లు ఉంటాయి. పనికి దారి చూపే మేస్త్రి ఎలాగూ కావాలి. మరి ఎందుకు తీసుకెళ్తాం? ఒకసారి వచ్చి చూసినవాళ్లు మళ్లీ మళ్లీ ఇస్తారు, అనుభవంతో చెప్తున్నాను. కానీ రాలేకపోయానని బాధపడి, వ్యాన్‌లో తన సీటు ఖర్చు విరాళంగా ఇచ్చేసిన ఐటీ కుర్రాడు కూడా అంతే సాయం చేసినట్టు.

మనవాళ్లకి వీసా టెన్షన్ ఒకటి ఉంటుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు ఉంటే భారత పాస్‌పోర్టుకి విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంప్ గడువు దాటిందా, లాయర్‌ని అడగకుండా బయల్దేరకండి.

అపోహ: ఇది మతం మార్చే పని

ఈ ప్రశ్నకి నేను దాటవేయకుండా జవాబిస్తాను. సరిహద్దులో ఇళ్లు కట్టే సంస్థల్లో చాలావరకు చర్చిలతో ముడిపడ్డవే. 1976లో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ఇళ్ల సంస్థ కూడా క్రైస్తవ నేపథ్యంతో పుట్టిందే, 1990లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దంపతులు వచ్చి తిహువానాలో ఇళ్లు కట్టింది ఆ సంస్థతోనే. మెక్సికోలో అధికశాతం ముందునుంచీ కాథలిక్కులు. మీరు ఏ సంస్థకిచ్చినా ఒకే ప్రశ్న అడగండి: ప్రార్థనకి రాకపోతే కుటుంబానికి ఇల్లు ఆగుతుందా? ఆగుతుందంటే నేనైతే ఇవ్వను. మా బృందంలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు, కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు మతం అడగం.

అపోహ: ఫలానా కుటుంబానికే అని రాసిస్తే టాక్స్ మినహాయింపు వస్తుంది

రాదు. అమెరికా పన్ను చట్టం ప్రకారం మినహాయింపు రిజిస్టరైన ధర్మసంస్థకి ఇచ్చినదానికే, ఆ డబ్బు మీద నిర్ణయం సంస్థ చేతిలో ఉండాలి. ఒక వ్యక్తికో కుటుంబానికో ఇచ్చింది బహుమతి అవుతుంది. ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ తన వంతు కలిపే మ్యాచింగ్ కూడా సంస్థకే వస్తుంది. హైదరాబాద్ నుంచి పంపే అన్నయ్యలూ అక్కయ్యలూ గమనించండి, భారత ఆదాయపు పన్నులో విరాళాలకిచ్చే మినహాయింపు (80జి అని పిలిచేది) విదేశీ సంస్థలకి వర్తించదు.

అపోహ: పాత బట్టలు, పాత సామాను ఇచ్చినా అదే సాయం

కాదు. పాత బట్టలు మూటలుగా తీసుకెళ్తే మెక్సికో కస్టమ్స్‌లో చిక్కే. డబ్బిస్తే అక్కడి కొట్లోనే సరుకు కొంటాం, ఆ ఊళ్లో వ్యాపారం జరుగుతుంది.

అపోహ: ఒక్క పెద్ద దాత దొరికితే చాలు

ఒకసారి ఒక వ్యాపారి సగం ఇంటి ఖర్చు ఇస్తానన్నారు. ఆ మాట నమ్మి కాంక్రీటుకి తారీఖు ఖాయం చేశాం. పదిరోజుల ముందు ఈ ఏడాది కుదరదన్నారు. రెండు రాత్రులు నిద్రలేదు. చివరికి 50, 100 డాలర్లు ఇచ్చే మామూలు కుటుంబాలే ఆ ఇల్లు నిలబెట్టాయి. ఇప్పుడు చేతికొచ్చిన డబ్బునే లెక్కలో రాస్తాను, ఇస్తామన్న మాటలు, అంటే ప్లెడ్జ్‌లు, వేరే పేజీలో ఉంటాయి.

ఇంకో సంగతి. విరాళాలు ఎక్కువగా వచ్చేది దీపావళి నుంచి డిసెంబర్ ఆఖరి దాకా. తిహువానాలో వానలు పడేది సరిగ్గా అప్పటి నుంచి మార్చి దాకా. కొండ మట్టి జారుతుంటే పాత టైర్లలో మట్టి నింపి అడ్డం పెట్టుకుంటారు. ఆ మట్టిలో కాంక్రీటు పోయలేం. అందుకే డిసెంబర్‌లో ఇచ్చినవాళ్లకి ముందే చెప్తాను, మీరు ఇల్లు చూసేది ఏప్రిల్‌లో అని. చెప్పకపోతే ఫిబ్రవరిలో అనుమానంతో ఫోన్లు వస్తాయి. రావడం న్యాయమే.

అపోహ: తాళాలిచ్చేస్తే అయిపోయినట్టే

తాళాలిచ్చిన ఆరు నెలలకి ఒకసారి, మళ్లీ రెండేళ్లకి ఇంకోసారి వెళ్లి చూసి దాతలకి రాస్తాం. ఎక్కడ కారుతోంది, ఏది పాడైంది, స్థలం వాయిదాలు ఎంతవరకొచ్చాయి, అన్నీ రాస్తాం.

పాలపొడి డబ్బా ఆవిడ ఇంటికి పోయిన మార్చిలో వెళ్లాను. స్థలం బాకీ తీరిపోయింది. ఆఖరి రసీదు ప్లాస్టిక్ కవర్‌తో సహా గోడకి కొట్టింది. ఇంటి వెనకాల సొంత డబ్బుతో చిన్న వంటపాక వేసుకుంది. దాని గోడ ఆ పాత గ్యారేజీ తలుపే. పిడి పక్కకి తిరిగి ఇంకా అలాగే ఉంది, దానికి గరిటె తగిలించుంది.