నిచ్చెన మీద మీది ఎన్నో మెట్టు?

ఎదురుగా ఓ నిచ్చెన ఉందనుకోండి. పదో మెట్టు మీకు దక్కగలిగిన బతుకుల్లోకెల్లా మంచిది, సున్నా అన్నిటికంటే అధ్వానమైనది. ఇప్పుడు మీరెక్కడున్నారు? 1965లో అమెరికా మనస్తత్వవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ వెలుగులోకి తెచ్చిన ఈ ఒక్క ప్రశ్నే ప్రపంచ ఆనంద నివేదికలో దేశాల వరసను తేలుస్తుంది.

చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, ముందు ఏం అడిగామన్నదాన్ని బట్టి దీని జవాబు జారిపోతుంది. అమెరికాలో గాలప్ సంస్థ తన రోజువారీ సర్వేలో కొంతకాలం ఈ ప్రశ్నకు ముందు రాజకీయాల ప్రశ్నలు పెట్టింది. ఆ లెక్కలు తిరగేసిన ఆర్థికవేత్త ఆంగస్ డీటన్, రాజకీయాలు గుర్తుచేసినందుకే సగటు దాదాపు 0.6 మెట్టు దిగిందని తేల్చారు. జనం బతుకులు అవే, ప్రశ్నల వరస మాత్రమే మారింది. కాబట్టి ఈ ప్రశ్నను అన్నిటికంటే ముందు అడగాలి, ఏటా అదే వరసలో అడగాలి. మధ్యలో ప్రశ్నపత్రాన్ని ‘మెరుగుపరిస్తే’ పాత అంకెలతో పోల్చడం ఇక కుదరదు.

బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2011 నుంచి నాలుగు ప్రశ్నలు అడుగుతోంది: జీవితం పట్ల సంతృప్తి, చేస్తున్న పనులకు అర్థముందన్న భావన, నిన్నటి సంతోషం, నిన్నటి ఆందోళన. అన్నిటికీ సున్నా నుంచి పది దాకా మార్కులే. ఆందోళనకు మాత్రం ఎక్కువ మార్కులంటే చెడ్డ. దాన్ని తిరగేయకుండా మిగతా మూడింటితో కలిపి సగటు తీశారా, లెక్క మొత్తం పాడైనట్టే.

మనసులో మాట అడిగితే చాలదా? చాలదు. ఏళ్ల తరబడి లేమికి అలవాటుపడ్డవాళ్లు కోరికలు కుదించుకుని ‘బాగానే ఉన్నాం’ అంటారని అమర్త్య సేన్ పదేపదే హెచ్చరించారు. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, సేన్ సాయంతో వచ్చిన మానవాభివృద్ధి సూచిక అందుకే ఎవరి అభిప్రాయమూ అడగదు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం చూస్తుంది. ఆయుర్దాయానికి 20 ఏళ్లు సున్నా, 85 ఏళ్లు ఒకటి. సగటు ఆయుర్దాయం 70 ఏళ్లయితే 50ని 65తో భాగించాలి, 0.769 వస్తుంది. ఆదాయానికి సంవర్గమానం తీసుకుంటారు. తలసరి ఆదాయం వెయ్యి డాలర్ల నుంచి రెండు వేలకు పెరిగినా, పది వేల నుంచి ఇరవై వేలకు పెరిగినా ఆదాయం మార్కులో కలిసేది ఒకటే, సుమారు 0.105.

2010 దాకా ఈ మూడింటికీ మామూలు సగటు తీసేవారు. ఆరోగ్యం 0.9, చదువు 0.3, ఆదాయం 0.9 అయితే సగటు 0.7. మూడూ 0.7 ఉన్న దేశానికీ అదే. డబ్బు బడిలోటును కప్పేసిందన్నమాట! గుణమధ్యమానికి (మూడింటినీ గుణించి ఘనమూలం తీయడానికి) మారాక మొదటి దేశానికి 0.62 మాత్రమే వస్తుంది. నా దృష్టిలో ఈ సూచిక చరిత్రలో జరిగిన మంచి మార్పుల్లో ఇదొకటి.

భూటాన్ స్థూల జాతీయ సంతోష సూచికది వేరే దారి. తొమ్మిది రంగాల్లో 33 సూచికలు పెట్టుకుని, ఒక్కొక్కదానికీ ‘ఇంతుంటే చాలు’ అనే గీత గీస్తారు. ఒక్కో మనిషి ఎన్ని గీతలు దాటారో చూస్తారు. దాటనివాళ్లకు తగ్గింది నిద్రా, చదువా, ఇల్లా అన్నది విడిగా తెలుస్తుంది. విధానం రాసేవాడికి మొత్తం అంకె కంటే ఈ చిట్టాయే అక్కరకొస్తుంది.

ఒక పేటలోనో, చిన్న పట్టణంలోనో కొలవబోయేవాళ్లు బోర్లాపడేది శాంపిల్ దగ్గర. పది మార్కుల ప్రశ్నకు ప్రామాణిక విచలనం (జవాబులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) సుమారు 2 అనుకుందాం. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందిని అడిగితే సగటు అటూఇటూ 0.2 ఊగుతుంది. రెండు ప్రాంతాల మధ్య 0.3 తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కోచోట దాదాపు 700 మంది కావాలి. తేడా 0.2 అయితే 1,570 మంది. పగటిపూట తలుపు తీసినవాళ్లనే అడిగితే ఎంతమందిని అడిగినా ప్రయోజనం లేదు, పనికెళ్లినవాళ్లు లెక్కలోకే రారు. ఇక పథకం మొదలయ్యాక సర్వే చేస్తే, ముందెలా ఉండేదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

బ్రిటన్ ఖజానా శాఖ 2021లో ఈ మార్కులకు ధర కూడా కట్టింది: ఒక మనిషి సంతృప్తి ఒక ఏడాదిపాటు ఒక మార్కు పెరిగితే 13,000 పౌండ్లు, 2019 ధరల్లో. 500 మందికి ఏడాదిపాటు 0.2 పెంచే పథకం విలువ 13 లక్షల పౌండ్లు అవుతుంది. కానీ ఆ 0.2ను నిర్ధారించడానికి ఆ 500 మంది చాలరని పై లెక్కే చెబుతోంది. పైగా మూడు నుంచి నాలుగుకు ఎక్కినవాడికీ, ఎనిమిది నుంచి తొమ్మిదికి ఎక్కినవాడికీ ఈ పద్ధతి ఒకే ధర కడుతుంది.