గొడవ రోజు నుంచే రాస్తే మిగిలేది కేసు నంబరే

2020 డిసెంబరులో చీరాల తీరంలో వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు కొట్టుకున్నారు. బల్ల వల వాడాలా, ఐల వల వాడాలా, వల కన్ను ఎంత ఉండాలి అన్నది తగాదా. పోలీసులు మోహరించారు, అధికారులు పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడారు, పేపర్లలో కొన్ని రోజులు వార్త నడిచింది. నెల్లూరు వైపు తీరంలో తమిళనాడు నుంచి వచ్చే మరబోట్లతో ఇలాంటి గొడవలు ఏళ్ల తరబడి ఉన్నాయి. బోట్లు పట్టుకుని ఒడ్డుకు తేవడం, చర్చలు, విడిచిపెట్టడం, కొన్నాళ్లకు మళ్లీ అదే. తీరం వదిలి లోపలికి వస్తే చెరువు తూము దగ్గర, శ్మశానం దారి దగ్గర, కాలువ చివరి ఆయకట్టులో ఇదే వరస.

రాజీ కుదిరిన గొడవ మళ్లీ ఎందుకు లేస్తుంది? ఆ గొడవను మనం ఏ పద్ధతిలో చదివామన్న దాంట్లోనే సగం జవాబు ఉందని నా నమ్మకం. తగాదాలనూ వాటి పరిష్కారాలనూ పరిశోధించే పద్ధతులకు పెద్ద చరిత్రే ఉంది. అందులో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకూ చోటుంది.

ముందు మన చేతికి తేలిగ్గా దొరికే కాగితం సంగతి. ఎఫ్‌ఐఆర్ ఫారంలో జిల్లా, స్టేషన్, సెక్షన్ల తర్వాత ఘటన జరిగిన వారం, తేదీ, సమయం రాయాలి. ఆ స్థలం స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో రాయాలి. ఐదేళ్ల కిందట అదే ఒడ్డున ఏం జరిగిందో రాయడానికి గడి ఉండదు. అది నేరం కోసం పెట్టిన ఫారం, తప్పు పట్టలేం. కానీ దేశంలో నేరాలపై 1953 నుంచి ఏటా వచ్చే ప్రభుత్వ లెక్కలకు మూలం ఈ కాగితాలే. చట్టం ప్రకారం ఐదుగురూ ఆపైన గుమిగూడి దౌర్జన్యం చేస్తే అది అల్లరి కేసు. పొలం గట్టు మీద అన్నదమ్ముల కుటుంబాలు కర్రలు తిప్పుకున్నా అదే, ఒక పేట మొత్తం మీద దాడి జరిగినా అందులో ఆ సెక్షన్ ఉంటుంది. ఈ మధ్య కులం, భూమి, నీరు అంటూ విడగొట్టి చూపిస్తున్నారు. మరి కారంచేడును ఏ గడిలో వేస్తాం?

1985 జులై 16న కారంచేడులో దళితులు తాగునీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర భూస్వామ్య కులానికి చెందిన యువకుడు గేదెల కుడితి బక్కెట్ కడిగాడు. వద్దన్న దళిత యువకుడి మీదికి వెళ్తే, నీళ్లకొచ్చిన ఒక దళిత మహిళ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపేశారు, మహిళలపై అత్యాచారాలు చేశారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు.

నీళ్ల దగ్గర తగాదా అని రాసుకుంటే అది అక్కడితో ముగుస్తుంది. శిబిరానికి వెళ్లిన పౌరహక్కుల బృందాలు, దళిత నాయకులు వేరే ప్రశ్నలు అడిగారు. కూలి ఎంత, ఎవరి పొలం, ఎన్నికల్లో ఎవరికి ఓటేశారు, పిల్లలు ఎంతవరకు చదివారు? నిజనిర్ధారణ అని మనం పిలుచుకునే పద్ధతి ఇదే. ప్రత్యక్ష సాక్షుల మాట, బాధితుల మాట, అధికారుల మాట విడివిడిగా రాసుకుని పక్కపక్కన పెట్టి చూస్తారు. హక్కుల నాయకుడు కె.బాలగోపాల్ అదే ఏడాది ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం కారంచేడును డెల్టా వ్యవసాయంలో పెరిగిన మిగులుతో, దాని వెంట వచ్చిన రాజకీయ అధికారంతో కలిపి చూపించింది. చెరువు దగ్గరి ఆ కొద్ది నిమిషాల వెనక కొన్ని దశాబ్దాలు ఉన్నాయని మనకు తెలిసింది అలాంటి పని వల్లే.

ఇంకో విషయం మరీ ముఖ్యం. బాధితులు ఊరికి తిరిగి వెళ్లి రాజీపడడానికి ఒప్పుకోలేదు, చీరాలలోనే స్థిరపడ్డారు. ఆ పోరాటం నుంచి దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి మాట్లాడినప్పుడల్లా కారంచేడు పేరు వస్తుంది. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. పరిష్కారం అంటే ఇద్దరూ చేతులు కలపడమే అనుకునే పరిశోధకుడు ఇక్కడ ఏమీ కనిపెట్టలేడు. న్యాయం అడిగినవాళ్లను మొండివాళ్లుగా రాసిపెట్టి పోతాడు.

పాత రికార్డులోనూ ఈ చిక్కు ఉంది. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊళ్లు తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. వాటికి చాలావరకు ఆధారం కరణాల దగ్గరి దండకవిలెలు (ఊరి రికార్డులు), కరణాలు చెప్పిన మాటలు. అవి లేకపోతే ఎన్నో పల్లెల చరిత్ర మనకు లేదు. అయినా పొలిమేర తగాదా గురించి కరణం చెప్పింది ఉంటుంది గానీ, ఆ పొలం దున్నిన పాలేరు చెప్పింది ఉండదు.

తగాదాల అధ్యయనం ఒక శాస్త్రంగా నిలబడింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండ్ వాతావరణ శాస్త్రవేత్త మొదటి యుద్ధంలో అంబులెన్స్ నడిపాడు. తర్వాత జీవితమంతా యుద్ధాలను, మృతులను లెక్కగట్టి సూత్రాలు వెతికాడు. 1957లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి ఈ రంగానికే ఒక పత్రిక మొదలైంది. 1959లో జొహాన్ గాల్టుంగ్ ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థ పెట్టాడు. ప్రయోగాలూ జరిగాయి. 1954లో మనస్తత్వవేత్త ముజాఫర్ షెరీఫ్ అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి పోటీ పెడితే బద్ధశత్రువులయ్యారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినట్టు చేసి, అందరూ కలిస్తేనే పనయ్యే పరిస్థితి తెస్తే మెల్లగా కలిశారు. పాఠ్యపుస్తకాలు ఈ ప్రయోగాన్ని ఇష్టంగా చెప్తాయి. కానీ ఆ రెండు జట్లలో ఒకరి కింద ఒకరు కూలికి వెళ్లేవాళ్లు లేరు. మన పల్లెల్లో ఆ పరిస్థితి ఎక్కడుంది?

మనకు దగ్గరగా పనికొచ్చేది మానవశాస్త్రవేత్తల దారి. మాక్స్ గ్లక్‌మన్, ఆయన శిష్యులు ఆఫ్రికాలో ఒకే తగాదాను, అవే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించి చదివారు. ఇక్కడ ఎం.ఎన్.శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపురలో ఉండి ఊరి పెద్దలు తగాదాలు తీర్చే తీరు చూశారు. కులాల మధ్య పెత్తనం ఎలా నడుస్తుందో ఆయనకు అర్థం కావడంలో ఆ తగాదాల పాత్ర పెద్దది.

ఇక రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడి పని. 1970ల చివర ఆయన కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లను చదివారు. మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు ఆ జిల్లాలోవే కాబట్టి ఈ పనిని మన పొరుగు కథగానే చదవాలి. ఆయన ఒక్క ఊరితో ఆగలేదు. కాలువ నీళ్లు పారే 31 ఊళ్లను, వర్షాధారపు ఊళ్లు మరికొన్నిటిని పోల్చి చూశారు. కొన్ని ఊళ్లు సొంత నిధి పెట్టుకుని, పొలాలకు నీళ్లు పారించే మనుషులనూ పంట కాపలావాళ్లనూ జీతానికి పెట్టుకుంటున్నాయి. కొన్నిటిలో అదేమీ లేదు. చదువో, మంచితనమో, ఐకమత్యమో ఎక్కువ ఉండడం దానికి కారణం కాదని ఆయన తేల్చారు. కాలువ చివర ఉండి, నీళ్లు అందక పంట పోయే, కొట్టుకునే ప్రమాదం ఎక్కువున్న ఊళ్లే ఎక్కువగా కట్టు పెట్టుకున్నాయి. ఒక్క ఊళ్లోనే కూర్చుంటే ఈ సంగతి తెలిసేది కాదు. ఎక్కువకాలం ఉన్న ఊరికి ఆయన కొత్తపల్లె అని మారుపేరు పెట్టారు. నీళ్ల పంపకంలో డబ్బు చేతులు మారడం గురించి రాసినప్పుడు ఆ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

వేడ్ పని నాకు నేర్పింది ఏమిటంటే, గొడవ జరగని ఊరిని కూడా చదవాలి. రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణేయ మతఘర్షణల మీద చేసిన పనిలో అల్లర్లు జరిగిన నగరాన్నీ జరగని నగరాన్నీ జంటలుగా పెట్టి చూశారు. హైదరాబాద్, లక్నో అందులో ఒక జంట. ఆయన లెక్కలకు ఆధారం 1950 నుంచి 1995 దాకా ముంబయిలో వచ్చిన ఒక ఇంగ్లీషు దినపత్రిక వార్తలు. నగరాలకు అది సరిపోవచ్చు. కొండపి పక్క పల్లెలో జరిగింది ముంబయి పేపర్లో వెతికితే దొరకదు. ఆరన్ వుల్ఫ్ బృందం దేశాల మధ్య నదీజలాల వ్యవహారాలు 50 ఏళ్లవి 1,831 కూడగడితే, అందులో 1,228 సహకారానివి, 507 మాత్రమే తగాదావి. పెన్నా డెల్టాలో వంతుల ప్రకారం నీళ్లు సజావుగా పారిన రాత్రిని కూడా ఎవరైనా ఇలాగే లెక్క రాస్తే బాగుండు. సోమశిల కింద చివరి ఆయకట్టు గొడవల వార్తలు మనకు ఏటా దొరుకుతాయి. ఏ కాలువ మీద ఎవరు ఎలా సర్దుకున్నారన్నది ఏ రికార్డులోనూ ఉండదు.

మనుషుల్ని చదవడం ఒకటి, మనుషులతో కలిసి చదవడం ఇంకొకటి. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో ‘క్రియాత్మక పరిశోధన’ పేరుతో ప్రతిపాదించిన ఈ రెండో పద్ధతిని ఆ పేరు చెప్పకుండానే చేసి చూపించింది నెల్లూరు జిల్లా. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో చదివిన సీతమ్మ కథ మీద చర్చ సారా మీదికి, కూలి డబ్బు ఎటు పోతోందన్న లెక్క మీదికి మళ్లింది. కలిగిరి మండలం దూబగుంటలో మహిళలు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇంటింటా విడివిడిగా, భార్యాభర్తల గొడవగా ఉన్నదాన్ని ఆ ఆడవాళ్లు ఊరి సమస్యగా మార్చి చూపారు. ఏ సర్వే ప్రశ్నాపత్రమూ అంతకుముందు వాళ్లను ఆ ప్రశ్న అడగలేదు.

ఈ వెలుగులో మళ్లీ వలల గొడవ చూడండి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదన్న నిబంధన ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంది. ఊళ్లో కాపులు, అంటే మత్స్యకార పెద్దలు, వేసే దురాయి (కట్టుబాటు ఆంక్ష) ఉంది. ఈ మూడూ కలిసి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయో తెలుసుకోవాలంటే ఊళ్లోనే ఉండాలి. ఇసుక మీద ముగ్గుపిండితో సముద్రాన్ని గీయమంటే చాలు. ఏ నెలలో ఏ చేప ఎటు వస్తుంది, ఎవరి వల ఎక్కడ పడుతుంది, ఎక్కడ తెగింది అన్నది వాళ్లే గీస్తారు. ఒకరు గీసిన గీతను పక్కవాడు చెరిపి దిద్దుతాడు. ఆ దిద్దుబాటు దగ్గరే అసలు తగాదా బయటపడుతుంది. పెద్దలు గీసింది ఒకటి, జీతానికి పడవెక్కే కుర్రాళ్లు గీసింది ఒకటి, చేపలు గంపకెత్తుకుని అమ్మే ఆడవాళ్లు గీసింది ఒకటి, విడివిడిగా తీసుకోవాలి. చర్చల్లో ఆడవాళ్లకు కుర్చీ ఉండదు. కానీ వేట ఆగితే ముందు అప్పు చేసేది వాళ్లే.

చెప్పినవాళ్ల పేర్లు గుట్టుగా ఉంచాలి, లేకపోతే రేపు దురాయి వాళ్ల మీదే పడుతుంది. ఒప్పందం కుదిరిన ఏడాదికి మళ్లీ వెళ్లి, అది నిలిచిందా అని అడగాలి. ఈ చివరి పనిని దాదాపు ఎవరూ చేయరు. ప్రాజెక్టు గడువు అప్పటికే అయిపోయి ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చీరాల, కారంచేడు బాపట్లలోకి వెళ్లాయి. కందుకూరు అప్పట్లో నెల్లూరులో కలిసింది. సూళ్లూరుపేట, పులికాట్ తిరుపతి జిల్లాకు పోయాయి. ఇప్పుడు ఈ తీరం తగాదాల మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థి నాలుగు కలెక్టరేట్లు తిరగాలి. నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. శాంతి సమావేశాల తీర్మానాలు, ఊరి పెద్దల ఇళ్లలోని ఒప్పంద పత్రాల నకళ్లు, ఆ చర్చల్లో కూర్చున్నవాళ్ల, కూర్చోనివ్వనివాళ్ల మాటలు ఒకచోట చేర్చే పని ఈ రెండూ కలిసి తీసుకోవాలి. పాత ఒప్పందాలు చేసిన పెద్దలు ముసలివాళ్లవుతున్నారు. ఆ కాగితాలు చాలా ఇళ్లలో ఒక్క ప్రతే ఉంటాయి.