పాలిచ్చే తల్లుల దుస్తులు: ఆది జాకెట్టుకు రెండంగుళాలు కలిపితే చాలన్న అపోహ

సీమంతం అయిన కొద్ది రోజులకు మా కుట్టు తరగతికి వచ్చే తల్లులు, అత్తలు దాదాపు ఒకే మాట అడుగుతారు: "ఆది జాకెట్టు తెచ్చామండీ, దీనికి రెండంగుళాలు కలుపుకుని అమ్మాయికి ఫీడింగ్ నైటీలు, కుర్తీలు కత్తిరించేస్తే సరిపోతుంది కదా?" సరిపోదు. ఇంటర్నెట్‌లో ప్యాటర్న్‌లు (బట్ట కత్తిరించడానికి ప్రింట్ తీసుకునే నమూనా కాగితాలు) కొని ఇంట్లోనే కుట్టుకుంటున్న అమ్మాయిలు ఇదే పొరపాటును "ఒక సైజు పెద్దది తీసుకుందాం" అనే రూపంలో చేస్తున్నారు. బట్ట, డబ్బు, ఓపిక అన్నిటికంటే ఎక్కువగా వృథా అయ్యేది ఈ ఒక్క అపోహ వల్లనే కాబట్టి ముందుగా దీని సంగతే చెబుతాను.

ప్యాటర్న్ ఒక సైజు పెరిగితే ఛాతీ చుట్టుకొలత మామూలుగా 2 అంగుళాలు పెరుగుతుంది. అందులో సగం వీపు భాగానికే పోతుంది. దానితో పాటు భుజం వెడల్పు, మెడ, చంక కూడా కొంత పెరుగుతాయి. బాలింతకు భుజాల వెడల్పు మారదు, వీపు పెద్దగా మారదు. పెరిగేదంతా ముందు వైపే. అంటే అవసరమున్న చోట ఒక్క అంగుళమే చేరుతుంది, అక్కరలేని చోటంతా వదులైపోతుంది. అలా కుట్టిన కుర్తీ భుజం మీది నుంచి జారుతుంది, బిడ్డ మీదికి వంగినప్పుడు మెడ తెరుచుకుంటుంది, ఇంతా చేసి రొమ్ము మీద మాత్రం బిగుతుగానే ఉంటుంది. ప్రిన్సెస్ కట్‌లో, అంటే రొమ్ము మీదుగా కిందికి దిగే నిలువు కుట్టులో జిప్ పెట్టినట్లయితే ఆ కుట్టు డాట్ పాయింట్ (రొమ్ము మొన వచ్చే చోటు) మీదుగా రాకుండా పక్కకు తప్పుకుంటుంది. జిప్ పూర్తిగా తీసినా బిడ్డ నోటికి రొమ్ము అందదు. తల్లి ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో బట్టను పట్టుకుని అవస్థ పడుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు "నీకు పట్టుకోవడం రావడం లేదు" అంటారు. లోపం కటింగ్‌లో ఉంటే నింద బాలింత మీద పడటం నాకు ఒళ్లు మండే విషయం.

సరైన పద్ధతికి రెండు కొలతలు కావాలి. మొదటిది అప్పర్ చెస్ట్, అంటే చంకల కిందుగా, రొమ్ములకు పైగా టేపు చుట్టి తీసే కొలత. రెండోది నిండు ఛాతీ కొలత, అంటే రొమ్ములు బాగా ఎత్తుగా ఉన్న చోట చుట్టి తీసేది. ప్యాటర్న్ సైజును ఎంచుకోవలసింది మొదటి కొలతను బట్టి, ఎందుకంటే భుజం, మెడ, చంక కుదిరేది దానితోనే. పెద్ద విదేశీ కంపెనీల ప్యాటర్న్‌లు చాలావరకు ఈ రెండింటి మధ్య తేడా 2 అంగుళాలు ఉంటుందన్న లెక్కతో గీసినవే. ఒకామెకు అప్పర్ చెస్ట్ 34, నిండు ఛాతీ 38 అనుకుంటే తేడా 4 అంగుళాలు, ప్యాటర్న్‌లో ఉన్నవి 2, మిగిలిన 2 అంగుళాలను మనం ముందు భాగానికి మాత్రమే కలపాలి. ముందు భాగం కాగితం ఒక పక్క సగానికే ఉంటుంది కాబట్టి దాని మీద 1 అంగుళం కలిపితే చాలు. ఇందుకు డాట్ పాయింట్ నుంచి కింది అంచు వరకు ఒక గీత, అక్కడి నుంచే చంక కింది భాగానికి ఒక గీత, పక్క డాట్ (పక్క కుట్టు నుంచి రొమ్ము వైపు వేసే మడత కుట్టు) మధ్యగా డాట్ పాయింట్ దాకా మరో గీత గీసి, చంక దగ్గర కుట్టు గీత వద్దా, పక్క డాట్ గీత డాట్ పాయింట్‌ను చేరే చోటా రవ్వంత కాగితం తెగకుండా ఉంచి మిగిలినదంతా కత్తిరించి, డాట్ పాయింట్ దగ్గర 1 అంగుళం ఎడం వచ్చేలా పరచాలి. పక్క డాట్ దానంతట అదే వెడల్పవుతుంది, కింది అంచును సరిచేసుకుంటే పని అయిపోతుంది. కాగితం మీద అరగంట పట్టే ఈ పనిని తప్పించుకోవడానికే జనం మూడు మీటర్ల బట్ట పాడుచేసుకుంటున్నారు.

మా చెల్లెలి కూతురు డాలస్‌లో ప్రసవించి, ప్యాటర్న్ కొని, ఈ లెక్కలన్నీ సరిగ్గానే చేసి కుట్టుకున్న నైటీ ఒంటికి ఎక్కకపోతే వీడియో కాల్‌లో ఏడ్చేసింది. "బట్ట తప్పేం కాదు పెద్దమ్మా, నా ఒళ్లే ఇలా అయిపోయింది" అంది. ప్రింట్ సైజు సరిచూసుకోవడానికి మొదటి పేజీలో ఉండే 1 అంగుళం చదరాన్ని స్కేలుతో కొలవమన్నాను. అది అంగుళానికి తక్కువగా వచ్చింది. ప్రింటర్‌లో "ఫిట్ టు పేజ్" (పేజీకి సరిపోయేలా సైజు మార్చే సెట్టింగ్) పెట్టి ఉండటం వల్ల ప్యాటర్న్ మొత్తం కుదించుకుపోయింది. నూటికి 5 వంతులు తగ్గినా 40 అంగుళాల చుట్టుకొలతలో 2 అంగుళాలు పోతాయి. మన ఏ4 కాగితమైనా, అమెరికా లెటర్ కాగితమైనా ప్రింట్‌ను 100 శాతానికి పెట్టి, ఆ చదరాన్ని కొలిచిన తర్వాతే మిగిలిన పేజీలు తీయాలి. ప్రసవమైన కొత్తలో ఆడపిల్లలు ప్రతి లోపాన్నీ తమ శరీరానికే అంటగట్టుకుంటారు; టేపు పట్టుకుని చూస్తే చాలాసార్లు లోపం కాగితంలోనే దొరుకుతుంది.

తొమ్మిదో నెలలో కొలత తీసి కాన్పుకు ముందే అన్నీ కుట్టి పెట్టుకోవాలన్న ఆత్రం కూడా ఈ అపోహకు తోడబుట్టినదే. ముర్రుపాల తర్వాత, కాన్పైన రెండు నుంచి అయిదు రోజులలోపు పాలు నిండుగా పడతాయి. అప్పుడు రొమ్ములు గట్టిపడి కొలత ఒక్కసారిగా పెరుగుతుంది, మళ్లీ కొన్ని వారాలకు కాస్త తగ్గి సుమారుగా ఆరు వారాలకు కుదురుకుంటుంది. ఈ మధ్య కాలానికి యోక్ (ఛాతీ పై భాగంలో వేసే విడి ముక్క) కింద కుచ్చులు పెట్టిన నైటీలు రెండు మూడు ఉంటే చాలు, ఎందుకంటే కుచ్చులు కొలత పెరిగినా తగ్గినా సర్దుకుంటాయి. ఫిట్టింగ్ కుర్తీలు, ఆఫీసు దుస్తులు ఆరు వారాల తర్వాత కొత్త కొలతలతో కత్తిరించుకోవాలి.

రొమ్ములు జారకుండా ఉండాలంటే లైనింగ్ వేసి బిగుతుగా కుట్టాలని చెప్పే పెద్దలకు నా దగ్గర ఓపిక తక్కువ. రొమ్ముల ఆకృతి మారేది గర్భం వల్ల, వయసు వల్ల. పాలివ్వడం వల్ల కాదు. బిగుతు బట్ట ఒకేచోట ఒత్తుతూ ఉంటే పాల నాళాలు మూసుకుని గడ్డ కట్టే ప్రమాదం ఉంది. గడ్డతో పాటు జ్వరం, ఎరుపు, నొప్పి కనబడితే డాక్టరు దగ్గరికే వెళ్లాలి, దర్జీ దగ్గరికి కాదు.

ఫీడింగ్ దుస్తులంటే ప్రత్యేకమైన మోడల్ ఏదో ఉండాలన్నదీ నిజం కాదు. మన అమ్మమ్మలు కట్టుకున్న ముందు హుక్కుల జాకెట్టు, దాని మీద పైట, ఈ పనికి సరిగ్గా పనికొస్తాయి. వెనక హుక్కుల ఫ్యాషన్ వచ్చాకే చిక్కు మొదలైంది. సాగే బట్ట అయితే ఏ కొలతైనా సరిపోతుందన్నది కూడా సగం నిజమే. మెడ కిందికి లాగి పాలిచ్చే పద్ధతిలో నాణ్యత లేని సాగే బట్ట మెడ కొద్ది నెలల్లోనే వేలాడిపోతుంది.

జిప్ గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. ప్రిన్సెస్ కుట్టులో డాట్ పాయింట్‌కు పైన 3, కింద 4 అంగుళాలు వచ్చేలా ఇన్విజిబుల్ జిప్ (పైకి కనబడని జిప్) వేస్తే మామూలుగా సరిపోతుంది. లోహపు జిప్ వద్దు, నైలాన్‌ది తీసుకుని లోపలి వైపు మెత్తటి కాటన్ పట్టీ వేస్తే పసిబిడ్డ చెంపకు పళ్లు గీసుకోవు. కొత్త బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది కాబట్టి, కుట్టు పూర్తికాక ముందే ఆ జిప్‌ను ఎడమ చేత్తో ఒకసారి, కుడి చేత్తో ఒకసారి తీసి చూసుకోవాలి. బట్టను కత్తిరించే ముందు ఉతికి ఆరబెట్టడం మరవకండి. కాటన్ ముడుచుకుంటుంది, జిప్ టేపు ముడుచుకోదు. ఉతక్కుండా కుట్టినది మొదటి ఉతుకుకే జిప్ పొడవునా అలలు తేలుతుంది, దాన్ని విప్పి మళ్లీ కుట్టడం తప్ప ఇస్త్రీతో సరిచేయడం కుదరదు.