పల్లి, బల్లి, భల్లూకం

హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన దినోత్సవం నాడు పిల్లలతో మాట్లాడుతుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు లేచి, "సార్, పల్లి అన్నా బల్లి అన్నా పెదవులు ఒక్కతీర్గనే కల్సుకుంటయి గద, మరి ఫరక్ ఏడ వస్తంది?" అని అడిగింది. ప, ఫ, బ, భ, మ అనే ఐదూ ఓష్ఠ్యాలని, అంటే పెదవుల దగ్గర పుట్టే అక్షరాలని, తెలుగు తరగతిలో ఆమె నేర్చుకునే ఉంటుంది. పుట్టేచోటు ఒక్కటే అయినప్పుడు ఐదు వేర్వేరు ధ్వనులు ఎలా వస్తున్నాయన్న సందేహం మాత్రం ఆ పాఠం చదివిన మనలో చాలామందికి ఎన్నడూ కలగలేదు. ఆ రోజు నేను రెండు నిమిషాల్లో ముగించిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు కనుక ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

ఊపిరితిత్తులు గాలిని పంపుతాయని, గొంతు దానిని నాదంగా మారుస్తుందని, నోరూ ముక్కూ ఆ నాదానికి రూపం దిద్దుతాయని పాఠ్యపుస్తకాల్లో బొమ్మతో సహా ఉంటుంది. దానిని వదిలి నేరుగా గొంతులోకి వెళదాం. గొంతు ముందు ఉబ్బెత్తుగా ఉండే చోట వేలు ఆనించి, పెదవులు విప్పకుండా "బల్లి" అనడానికి సిద్ధపడితే, పెదవులు ఇంకా మూసి ఉండగానే వేలికి సన్నని అదురు తగులుతుంది. "పల్లి"కి అలా కాదు. పెదవులు విడిపోయేవరకు అక్కడ నిశ్శబ్దమే. అమ్మాయి అడిగిన ఫరక్ అక్కడే ఉంది.

ఆ అదురు స్వరతంత్రులది. 1741లో ఆంట్వాన్ ఫెరీన్ అనే ఫ్రెంచి వైద్యుడు మృతదేహాల స్వరపేటికల్లోకి గాలి ఊది శబ్దం రప్పించి, వాటిని తీగవాద్యపు తంత్రులతో పోల్చాడు. ఆ పోలికే పేరుగా స్థిరపడింది. నిజానికి అవి తీగలు కావు, స్వరపేటికలో ఇరుపక్కల నుంచి ఎదురెదురుగా వచ్చే రెండు మెత్తని మడతలు. వాటికి తీగ కంటే మేడారం జాతరలో కొమ్ము బూర ఊదే మనిషి పెదవులు సరైన పోలిక. అతడు పెదవులను బిగించి లోపలి నుంచి గాలిని నెడతాడు. పీడనానికి పెదవులు విడిపోతాయి, గాలి జారిపోగానే పీడనం తగ్గి తమ సాగుడు గుణం వల్ల తిరిగి మూసుకుంటాయి, వెనుక మళ్లీ పీడనం పెరుగుతుంది. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరుగుతున్నా, ఒక్కొక్కసారీ తెరవమని మూయమని అతని మెదడు పెదవులకు చెప్పదు. ఎంత బిగించాలో, ఎంత గాలి పంపాలో మాత్రమే చెబుతుంది. మిగిలిన పని గాలి చేస్తుంది. స్వరతంత్రులదీ ఇదే పద్ధతి: మామూలు మాటల్లో పురుషుల గొంతులో సెకనుకు సుమారు 120 సార్లు, స్త్రీల గొంతులో సుమారు 200 సార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి.

ఇంత సులువైన సంగతిపై కూడా పెద్ద వాదమే నడిచింది. ప్రతి కంపనానికీ మెదడు నుంచి ఒక నరసంకేతం విడిగా వస్తుందని 1950లో ఫ్రాన్స్‌కు చెందిన రౌల్ హుస్సన్ ప్రతిపాదించాడు. గాలి పీడనం, మడతల సాగుడు గుణం చాలునని 1958లో డచ్ శాస్త్రవేత్త యాన్‌విల్లెం వాన్ డెన్ బెర్గ్ వివరించాక ఆ వాదం నిలవలేదు. పై స్థాయిలో పాడే గాయని గొంతులో కంపనాలు సెకనుకు 1000కి చేరుతాయి. అన్ని ఆదేశాలను విడివిడిగా అమలు చేయగల కండరం మనిషి ఒంట్లో లేదు. పైగా ఫెరీన్ గాలి ఊదిన స్వరపేటికలకు మెదడే లేదు కదా!

కాబట్టి పల్లికీ బల్లికీ తేడా పెదవుల పనిలో లేదు. పెదవులు విడిపోయే క్షణానికీ స్వరతంత్రులు కంపించడం మొదలయ్యే క్షణానికీ మధ్య ఉన్న వ్యవధిలో ఉంది. ఈ వ్యవధిని 1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు పదకొండు భాషల్లో కొలిచారు. వాటిలో హిందీ, మరాఠీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు నేర్చుకునే విదేశీయుల కోసం అంతకు ముందే పాఠ్యపుస్తకం రాసిన లిస్కర్ మన భాషను ఎందుకు వదిలాడా అని నాకు చిన్న కినుక. వారి కొలతల ప్రకారం హిందీ "బ"లో పెదవులు విడిపోవడానికి సగటున 85 మిల్లీసెకన్ల ముందే కంపనం మొదలవుతుంది. "ప"లో విడిపోయిన 13 మిల్లీసెకన్లకు మొదలవుతుంది. పెదవులతోనే ఒత్తి పలికే "ఫ"లో 70 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఆ 70 మిల్లీసెకన్ల పాటు స్వరతంత్రులు దూరంగా విడిపడి ఉంటాయి కనుక గాలి అడ్డం లేకుండా బయటికి దూకుతుంది. మన పూర్వులు ప, బలను అల్పప్రాణాలని, ఫ, భలను మహాప్రాణాలని అనడంలోని ప్రాణం ఈ గాలియే. ఇక "భ" ఈ కొలబద్దకు లొంగదు. "బ"లో మాదిరిగానే కంపనం ముందే మొదలవుతుంది, అయితే పెదవులు విడిపోయాక స్వరతంత్రులు పూర్తిగా మూసుకోకుండా వదులుగా అదురుతుంటే నాదంతో పాటు గాలి కూడా కారిపోతుంది. భల్లూకం బల్లి కాకుండా పోయేది ఆ కారిన గాలి వల్లనే.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణాలు లేవు, అవి సంస్కృతంతో వచ్చాయి. ఇంట్లో "బాష", "దనం" అనే వింటూ పెరిగిన పిల్లవాడు బడిలో ఒత్తు పలకకపోతే అది మొద్దుతనం కాదు, ఆ 70 మిల్లీసెకన్లు అతని గొంతుకు ఎవరూ అలవాటు చేయలేదు, అంతే. బెత్తానికి బదులు సన్నని కాగితపు ముక్కను నోటి ముందు పట్టి "కరము", "ఖరము" అనిపిస్తే, కాగితం ఎప్పుడు ఎగిరిందో వాడే చూసుకుని నేర్చుకుంటాడు. ఈ ప్రయోగానికి "ఫలము" పనికిరాదు. పై పళ్లను కింది పెదవికి ఆనించి ఈ రోజు మనం పలికే "ఫ" అసలు ఓష్ఠ్యమే కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునేది "బ"లోని చిక్కు. స్వరతంత్రులు కంపించాలంటే వాటి కింది పీడనం పైదానికంటే ఎక్కువగా ఉండి గాలి పైకి ప్రవహించాలి. పెదవులు మూసి ఉంటే ఆ గాలికి బయటికి దారి లేదు. నోరు నిండేకొద్దీ రెండువైపులా పీడనం సమానమై, సెకనులో పదోవంతు గడవకముందే కంపనం ఆగిపోవాలి. కాని "అబ్బ", "డబ్బు", "దిబ్బ" అంటూ మనం "బ్బ"ను హాయిగా సాగదీస్తున్నాం! ఇందుకోసం శరీరం మనకు తెలియకుండానే నోటిలోని ఖాళీని పెంచుతుంది: బుగ్గలు కొద్దిగా ఉబ్బుతాయి, స్వరపేటిక కిందికి దిగుతుంది, గొంతు గోడలు వెడల్పవుతాయి. అద్దం ముందు నిలబడి "అబ్బ"లోని "బ్బ"ను ఎంత సేపు పట్టగలరో చూస్తే బుగ్గల ఉబ్బు కనిపిస్తుంది, నాదం ఎక్కడ చచ్చిపోతుందో వినిపిస్తుంది. ఈ సౌకర్యం "గ"కు తక్కువ. నాలుక వెనుక భాగం అంగిలికి తగిలి దారి మూసేది గొంతుకు చాలా దగ్గర కనుక గాలికి చోటు లేదు, బుగ్గల సాయమూ అందదు. ఒకే వరుసలో బ, ద ఉండి గ లేని భాషలు లోకంలో చాలా ఉన్నాయి. థాయి, డచ్ అలాంటివే. ఆ భాషలు తప్పించుకున్న ధ్వనిని మనం "బొగ్గు", "అగ్గి", "ముగ్గు" అంటూ రెట్టించి మరీ పలుకుతాం. కొమురవెల్లి మల్లన్న కథను రాత్రంతా చెప్పే ఒగ్గు కళాకారుడికి తన కళ పేరులోనే ఈ కష్టమైన ధ్వని ఉంది.

మిగిలిన "మ" సంగతి చిన్నది. పెదవులు మూసినా కొండనాలుక వైపు ఉండే మెత్తని అంగిలి కిందికి వాలి ముక్కుదారి తెరుస్తుంది కనుక గాలి ఆగదు, నాదం ఆగదు. జలుబుతో ముక్కు బిగిసిన రోజున ఈ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఆ రోజు "అమ్మ" అని పిలవబోతే "అబ్బ" అని వినిపిస్తుంది. పిలిచింది తల్లిని, పలికినది తండ్రి పేరు!

ఇంత సన్నని వ్యవధులను పాటించేది మెదడు. పెదవులకు ఆదేశం ముఖనాడి గుండా దగ్గర దారిలో వెళుతుంది. స్వరపేటికకు, ముఖ్యంగా దాని ఎడమవైపు కండరాలకు, వెళ్లే నరం మెడ నుంచి ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిని చుట్టి, మళ్లీ పైకి వస్తుంది. దారుల పొడవు వేరైనా రెండు ఆదేశాల ఫలితాలూ కొన్ని మిల్లీసెకన్ల తేడాతో కలవాలి. చెవితో విని సవరించుకునే వీలు లేదు. సొంత ధ్వనిని విని గొంతు స్పందించే సరికి 100 మిల్లీసెకన్లు దాటిపోతాయి, అప్పటికి నోరు తరువాతి అక్షరంలో ఉంటుంది. అంటే మెదడు ముందుగానే అన్నీ లెక్కకట్టి పంపాలి. అయినా చెవి కాపలా మానదు. ఫోనులో మన మాటే సెకనులో ఐదోవంతు ఆలస్యంగా తిరిగి వినిపిస్తే నాలుక తడబడుతుంది; 1950లో బెర్నార్డ్ లీ దీనిని ప్రయోగంగా చూపాడు.

ఈ లెక్కను పసివారు చెవి ద్వారానే నేర్చుకుంటారు. మాటలు ఆలస్యమైన బిడ్డకు వస కొమ్మును అరగదీసి నాలుకకు రాసే ఆచారం మన ఊళ్లలో ఇంకా ఉంది, వదరుబోతును వసపిట్ట అనడం కూడా దాని నుంచే వచ్చింది. ముందు పరీక్షించవలసింది బిడ్డ చెవిని. వసను ఆహారంలో కలపడాన్ని అమెరికా 1968లోనే నిషేధించింది.

మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిన్న ఒక రోగి "టాన్" అనే అక్షరం తప్ప మరేదీ పలకలేకపోవడాన్ని 1861లో పాల్ బ్రోకా వివరించాడు. ఆ ప్రాంతం దెబ్బతిని మాట కష్టమైన రోగులలో పైన చెప్పిన వ్యవధులను షీలా బ్లుమ్‌స్టీన్ బృందం 1980లో కొలిచింది. వారికి ఏ మాట అనాలో తెలుసు, పెదవులు కూడా కలుస్తాయి. అయితే "ప" వ్యవధులూ "బ" వ్యవధులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కొన్ని రెండింటికీ చెందకుండా నడుమ పడ్డాయి. మెదడు వెనుకవైపు దెబ్బతిన్న రోగులు ఒక ధ్వనికి బదులు మరొకటి పలికినా, పలికినదాని వ్యవధి చాలావరకు సరిగానే ఉంది. పల్లీలు అడగబోయి బల్లి అన్న ఇద్దరు రోగులలో ఎవరిది ఎంపికలో తప్పు, ఎవరిది గడియారంలో తప్పు అన్నది పక్కన కూర్చుని వినేవారి చెవికి అందదు, కొలిచే పరికరానికి అందుతుంది.