వల ఆసామి కుప్ప

విశాఖపట్నంలో జాలరులుండే పెదజాలరిపేట ఒడ్డున ఒక పొద్దున వల లాగడం చూశాను. అంతమంది గంటల తరబడి లాగితే దక్కింది రెండు తట్టల కవళ్లు, కొన్ని కానాగడతలు. ఒక పెద్దాయన వాటిని ఇసుక మీదే కుప్పలు పోశాడు. వల ఆసామికి పెద్ద కుప్ప, లాగినవాళ్లకు తలా ఒక చిన్న కుప్ప. ఒకాయన "మావా, ఇటేపు సూడు" అన్నాడు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా పక్క కుప్పలోంచి రెండు చేపలు తీసి ఇందులో వేశాడు. అక్కడితో సరి. ఆసామికి అంత ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. వల చిరిగితే బాగుచేయించుకునేది ఆయనే కదా.

ఇలాంటి పంపకాన్నే 1982లో జర్మనీలో వెర్నర్ గూట్, ఆయన సహచరులు ఒక ఆటగా ఆడించారు. ఇద్దరికి కలిపి కొంత డబ్బు ఇస్తారు. ఎవరికెంతో మొదటివాడు చెబుతాడు. రెండోవాడు సరేనంటే ఎవరి వాటా వాళ్లకి, వద్దంటే ఇద్దరికీ సున్నా. లాభం చూసుకుంటే రూపాయి ఇచ్చినా తీసుకోవాలి. కానీ తర్వాత చాలా చోట్ల ఇదే ఆట ఆడిస్తే, ఐదో వంతుకన్నా తక్కువ ఇస్తామన్నప్పుడు దాదాపు సగంమంది "నాకూ వద్దు, నీకూ వద్దు" అనేశారు.

నాకు ఇంతకంటే నచ్చింది ఇదే ఆటతో ఫాక్, ఫెర్, ఫిష్‌బాకర్ అనే ఆర్థికవేత్తలు చేసి 2003లో ప్రచురించిన ప్రయోగం. బేరం ఒకటే: పదిలో ఎనిమిది నాకు, రెండు నీకు. పంచేవాడికి చెరి ఐదు ఇచ్చే వీలు ఉండి కూడా ఇలా పంచితే 44 శాతం మంది ఒప్పుకోలేదు. వేరే దారే లేనప్పుడు కాదన్నది 18 శాతం. మొత్తం పదీ తనే ఉంచేసుకోగలిగినవాడు ఈ రెండూ ఇస్తే 9 శాతమే. చేతికొచ్చేది ప్రతిసారీ అదే రెండు. మనిషికి మండేది తేడా చూసి మాత్రమే కాదు, ఎదుటివాడు ఏం చెయ్యగలిగి ఏం చేశాడో చూసి.

కలిసి బతకాల్సిన పని ఉన్నచోట చెయ్యి ధారాళంగానే ఉంటుంది. ఇండోనేషియాలో లామలేరా ఊరివాళ్లు తిమింగలాల వేటగాళ్లు. ఆ వేట ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఈ ఆటలో వాళ్లు సగటున సగానికి పైగానే ఇవ్వజూపారు. పెరూ అడవుల్లో ఏ కుటుంబానికి ఆ కుటుంబంగా బతికే మచిగెంగాలు 26 శాతం దగ్గర ఆగారు.

2015లో నిషి, క్రిస్టాకిస్ బృందం నేచర్ పత్రికలో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆటగాళ్లకు ఎక్కువతక్కువలుగా డబ్బిచ్చి, కొన్ని జట్లలో పక్కవాడి దగ్గర ఎంతుందో చూపించారు. చూపించిన చోట ఒకరికొకరు సాయం చేసుకోవడం బాగా తగ్గింది. దాచిన చోట తేడాలున్నా అంత చేటు జరగలేదు. (కొత్త కారు ఫొటో స్టేటస్‌లో పెట్టే మా బంధువులకు ఇది పంపాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.)

మరి పెదజాలరిపేటలో ఆసామి కుప్ప అందరికీ కనిపిస్తూనే ఉందే? ఉంది, కానీ అది ఎందుకు పెద్దదో కూడా అక్కడే కనిపిస్తోంది. నిషి బృందం ఆటలో తెర మీద పడింది ఉత్త అంకె.

2022 జనవరిలో రింగు వలల మీద ఇక్కడి జాలరిపల్లెల మధ్య గొడవ జరిగింది, పడవలు తగలబడ్డాయి. ఆ వల గుంపుగా తిరిగే చేపల్ని ఒక్కసారే చుట్టేస్తుంది. ఒడ్డుకు ఎంత దూరంలో వెయ్యాలన్నది ముఖ్యమైన తగువు. పోలీసులు, అధికారులు వచ్చారు, పెద్దలు కూర్చున్నారు. అయితే వల నీళ్లలో పడేది ఒడ్డుకు కనిపించనంత దూరంలో. "మావా, ఇటేపు సూడు" అనడానికి అక్కడ ఎవరుంటారు?